దేవక్క ఎక్కే బండి

బండ్రి,
8 జూలై 2025

అమ్మా నేత్రావతీ,

ముందుగా నా రాతకు ఏమీ అనుకోవద్దు. నేను చదివింది నాలుగో తరగతి, అదీ కన్నడ బడిలో. తెలుగు అక్షరాలు మా నాయన నేర్పించినవి. వాటినే నీకు పలక మీద దిద్దించినాను. కాబట్టి తప్పులుంటే అవి మన ఇంటి తప్పులే. సర్దుకొని చదువుకో.

నేను, మీ దేవక్క అత్త క్షేమం. వాన సగం పడింది. సజ్జ వేసినాము.

కొత్త బండి ఏది తీసుకోవాలని ఫోనులో అడిగినావు. ఫోనులో నాకు ఊ అనడం తప్ప రాదని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు ఖనిజం లారీ తోలినాను గానీ కారు తోలలేదు. అయినా బండి బండే.

అమ్మేవాళ్లు చెప్పే మైలేజీ ఖాళీ బండి మైలేజీ. మీరు ఖాళీగా పోరు. అందరూ ఎక్కి, సామాను పెట్టి, ఏసీ వేసి, ఒక గట్టు ఎక్కించి చూడమని అల్లుడు నాగరాజుకు చెప్పు. వెనక వరుస సీట్లు నిలబెట్టినాక డిక్కీలో ఎంత చోటు మిగులుతుందో చూడండి. కొన్నిటిలో ఒక నీళ్ల చెంబు కూడా పట్టదు. వెనక కూర్చున్నవాళ్లకు మోకాళ్లు గడ్డానికి తగులుతాయేమో చూడండి. ఏడు సీట్లు అని రాస్తారు. ఏడుగురు మనుషులు అని రాయరు.

భూమిక బాగా చదువుతోందా. అల్లుడిని, వాళ్ల అమ్మను అడిగినట్టు చెప్పు.

ఇట్లు మీ మేనమామ
ఉచ్చెంగెప్ప

ఇంతవరకూ మీ అత్తకు చదివి వినిపించినాను. ఇది తర్వాత రాస్తున్నాను. సోలాపూరులో ఉన్న వాళ్ల అక్క హనుమక్కకు ఇప్పుడు రెండు కళ్లూ కనిపించడం లేదు. పోయిన నెల ఫోను చేసి, చేత్తో తడిమితే తప్ప చెల్లెలు బతికి ఉందని నమ్మను అనింది. ఆ పొద్దు నుంచి మీ అత్త సగం ముద్దలే తింటోంది. మీ బండి వస్తే మమ్మల్ని సోలాపూరు తీసుకుపోతానని నువ్వన్నావట. కానీ నాలుగేళ్లుగా వంగని ఆ కాలు సంగతి బండి విషయంలో ఎత్తనని నాతో ఒట్టు వేయించుకుంది. కాబట్టి ఎత్తను.

కవరులో పసుపు దారం పెట్టినాను. రెండు ముళ్లు వేసినాను. బండి తీసుకునేముందు అది మీకు కావాలి. ఎందుకో రాయలేను. నీకే తెలుస్తుంది.


తుమకూరు,
14 జూలై 2025

మామా,

నీ రాత నాకు అచ్చు కంటే బాగా అలవాటు. ఈ ఊళ్లో ఉండి నేను తెలుగులో రాసేది నీకు ఒక్కడికే. నీ ఉత్తరం వచ్చిన రోజు నా చేతి అక్షరాలు కూడా ఒకసారి బయటికి వచ్చి ఎండలో కూర్చుంటాయి.

దారం అందింది. కొత్త బండికి మన ఊరమ్మ గుడి దారం కావాలని అత్తకు ఫోనులో చెప్పి వారం కాలేదు, అప్పుడే పంపించావు. ఎందుకో రాయలేనన్నావు కదా, ఏదో మొక్కుకున్నావని మాకు అర్థమైంది. మొక్కు బయటికి చెబితే పలచబడుతుందని నీ అల్లుడి తల్లి హంపమ్మ అత్తమ్మ కూడా అంది. కళ్లకు అద్దుకుని దేవుడి గూట్లో పెట్టింది. రోజూ దానికి కూడా ఒక పువ్వు పెడుతోంది.

ఇక బండి. మూడింటి దగ్గర ఆగాము. ఒకటి ఎత్తు బండి. పెద్ద చక్రాలు, లోపల కూర్చుంటే హైవే అంతా కింద పరిచినట్టు కనిపిస్తుంది. నీ అల్లుడికి అదే ఇష్టం. రెండోది గ్యాస్ సిలిండరుతో నడిచేది, చిన్నది, ఖర్చు తక్కువ, కానీ నువ్వు చెప్పిన డిక్కీ చోటంతా సిలిండరే తింటోంది. మూడోది పొడుగ్గా, నేలకు దగ్గరగా ఉంది. పెట్రోలుతో పాటు బ్యాటరీ కూడా ఉంది. దాన్ని చూసి భూమిక అంబులెన్సులా ఉందంది. తొమ్మిదో తరగతి పిల్ల మాట మా ఇంట్లో హైకోర్టు తీర్పు.

అత్త గురించి నువ్వు ఎత్తకపోయినా మాకు తెలుసు మామా. ఎత్తు బండిలో ముందు సీటు ఎంత వెనక్కి జరుగుతుందో నేనే కూర్చుని, కాలు చాపి చూశాను. అత్త హాయిగా కాళ్లు చాపుకోవచ్చు. సోలాపూరు దాకా ఒక కునుకు తీస్తే చాలు.

నీ సలహా ఇంకా రాయి. నీ అల్లుడు నీ ఉత్తరాన్ని నాతో కన్నడంలో చెప్పించుకుని, ఏడు సీట్ల మాట ఆఫీసులో అందరికీ చెప్పాడు.

నీ
నేత్ర


బండ్రి,
21 జూలై 2025

అమ్మా నేత్రా,

ఉత్తరం అందింది. మీ అత్తకు చదివి వినిపించినాను. దారం దగ్గర నాలుగు వరుసలు దాటేసినాను. ఊరమ్మ దారం ఇంకా తేలేదే అని ఆమె నొచ్చుకుంటోంది. వచ్చే మంగళవారం పూజారి దగ్గరికి పోతుందట.

ఎత్తు బండి గురించి ఇంకోసారి ఆలోచించండి. ఎత్తు బండి గాలికి ఊగుతుంది. చిత్రదుర్గం దగ్గర గాలిమరలు ఊరికే పెట్టలేదు. పెద్ద చక్రానికి టైరు ఖర్చు. బరువు ఎక్కువ, నూనె ఎక్కువ తాగుతుంది. పెద్దామె హంపమ్మకు కూడా ఎక్కడానికి కష్టమేమో. అంబులెన్సు అయితే ఏం. అంబులెన్సు మంచి బండి.

ఇంతకంటే నాకు రాయడం రాదు. బండి మీది. మీ ఇష్టమే నా ఇష్టం.

మామ
ఉచ్చెంగెప్ప


తుమకూరు,
27 జూలై 2025

మామా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఎన్నేళ్లయినా నీ లారీ డీజిలు బెంగ పోలేదు. మేము తిరిగేది గనుల దారి కాదు మామా, నాలుగు లైన్ల హైవే. అయినా నీ మాట తీసిపారేయలేదు. ఎత్తు బండిలోనే తక్కువ తాగే డీజిలు ఇంజనుది ఉంది. నిండా ఎక్కినా లీటరుకు పదిహేను తగ్గదని వాడుతున్నవాళ్లను నలుగురిని అడిగి తెలుసుకున్నాం. కాబట్టి నీ బెంగ తీరింది, నీ అల్లుడి ముచ్చటా తీరింది. శుక్రవారం బుక్ చేశాం. ఆగస్టు ఇరవైకి ఇస్తారు.

అత్తమ్మ ఎక్కడం గురించి నువ్వు రాసింది చెబితే, 'నేను యాభై మెట్లు ఎక్కి దేవరాయన దుర్గం పోయొస్తాను, నీకెందుకప్పా నా చింత అని మీ మామకు రాయి' అంది. కోపం కాదులే. కొంచెం కోపమే.

నీ దారం చాలా అక్కరకు వచ్చింది. అత్తమ్మ దాన్ని నాలుగు ముక్కలు చేసింది. ఒకటి బుకింగ్ కాగితానికి, ఒకటి భూమిక చేతికి, ఒకటి నీ అల్లుడి పాత స్కూటరుకు. స్కూటరు అలగకూడదట. నాలుగోది కొత్త బండి అద్దానికని దాచింది. మొదట ఒక ముడి దగ్గర కత్తెర పడలేదు. ముడిలోనే మహిమ ఉందేమో అని పక్కన కోసింది.

సోలాపూరుకు సెప్టెంబరులో పోదాం. హనుమక్క పెద్దమ్మకు నేనే ఫోను చేసి చెప్పాను. ఆమె ఫోనులోనే ఏడ్చింది. ఇల్లు కడిగిస్తానంది. ఇప్పటి నుంచీనా అంటే, కనిపించని కళ్లకు మురికి ఎక్కువగా తెలుస్తుందే అంది.

నీ
నేత్ర


కూరెకుప్ప,
1 ఆగస్టు 2025

అమ్మా నేత్రా,

ఇది మన ఇంట్లో కూర్చొని రాసింది కాదు. కూరెకుప్పలో మారన్న టైరు అంగట్లో కూర్చొని రాస్తున్నాను. మారన్న నా లారీకి పదేళ్లు క్లీనరుగా ఉండినాడు. ఇంట్లో రాస్తే మీ అత్త చదివి వినిపించమంటుంది. దీన్ని వినిపించలేను. బస్సు ఎక్కి వచ్చినాను. 'ఏంది డ్రైవరన్నా, ఈ వయసులో ఎవరికప్పా దాపరికం ఉత్తరం రాస్తాండావు' అని మారన్న ఒకటే నవ్వు. రాయనీ అన్నాను.

ఆ దారం ఊరమ్మది కాదు.

అది మీ అత్త కొలత. ఒక మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే కొలిచినాను. ఇంట్లో వేరే దారం కనిపించలేదు, పసుపు దారం తీసుకున్నాను. మొదటి ముడి, ఆమె మంచి కాలు ఎంత ఎత్తు ఎత్తగలదో అంత. మన వెనక గడప ఎత్తు. రెండో ముడి, తుంటి నుంచి మడమ దాకా, వంగని కాలు పొడవు. బండి దగ్గర అది పెట్టి చూస్తారని అనుకున్నాను. కాలు మాట ఎత్తనని ఒట్టు వేసినాను కదా. దారం పంపితే ఒట్టు తప్పినట్టు కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నువ్వు లోపల కాలు చాపి చూసినావు. చోటు చాలు. కానీ ముందు లోపలికి పోవాలి కదమ్మా. కిందటేడు సోలాపూరు పోదామని అద్దెకు పిలిచింది కూడా ఎత్తు బండే. నేనూ ఆ డ్రైవరూ చెరొక చంకా పట్టి ఎత్తినాము. వీధంతా చూసింది. హొసపేట దాటకముందే తిప్పమనింది. కాలు నొప్పి అని నీకు చెప్పినాము. కాలు నొప్పి కాదు. 'మూట ఎక్కించినట్టు ఎక్కిస్తారా నన్ను' అనింది. ఆ తర్వాత మళ్లీ ఏ బండి మాటా లేదు.

గాలి, టైరు, నూనె అని నేను రాసినవన్నీ సాకులు. పెద్దామె హంపమ్మను మధ్యలోకి తెచ్చినందుకు క్షమించమను.

బుక్ చేసినారు. ఇప్పుడు చెప్పి ఏం లాభమో తెలియదు. ఎత్తు బండి వస్తే ఆమె వాకిట్లో నిలబడి చూసి, నాకు ఒంట్లో బాగాలేదు మీరు పోయిరండి అంటుంది. నవ్వుతూనే అంటుంది. అది చూడలేక రాసినాను.

మారన్న టీ చెప్పినాడు. చల్లారిపోయింది.

మామ


తుమకూరు,
6 ఆగస్టు 2025

మామా,

ఏం రాయాలో తెలియడం లేదు. అత్త కొలతకు రెండు వారాలు పువ్వులు పెట్టాం. తర్వాత కత్తిరించాం. నీ ఉత్తరం చదివి వినిపిస్తే అత్తమ్మ లోపలికి పోయి, ఆ నాలుగు ముక్కలూ ఏరుకొచ్చి ముందర పెట్టుకుని కూర్చుంది. ముక్కలు కలిపితే కొలత రాదు. కొసలు పారేశాం.

పద్దెనిమిదో తేదీ లోపల అయితే బుకింగ్ మార్చుకోవచ్చట. నీ అల్లుడు వెంటనే అడిగి వచ్చాడు. నువ్వు మళ్లీ కొలిచి పంపు. ఒట్టు సంగతి నేను చూసుకుంటాను. ఫోను చేద్దామంటే నువ్వు ఊ అంటావు, పక్కన అత్త ఉంటుంది. అందుకే స్పీడుపోస్టులో పంపిస్తున్నాను. చూసిన వెంటనే కొలువు.

నీ
నేత్ర


బండ్రి,
10 ఆగస్టు 2025

అమ్మా నేత్రా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను చేనులో ఉన్నాను. స్పీడుపోస్టు అంటే ఏదో చెడ్డ కబురని మీ అత్త భయపడి, ఎదురింటి నెట్టికంటప్పను పిలిచి చదివించుకుంది. అతను గుంతకల్లు వైపు మనిషి, తెలుగు గడగడ చదువుతాడు. ఒక్క వరుస దాటలేదు.

నేను వచ్చేసరికి అరుగు మీద కూర్చొని ఉంది, వంగని కాలు ముందరికి చాపుకొని. ఒళ్లో దారం ఉండ. నెట్టికంటప్ప నన్ను చూసి మెల్లగా లేచి పోయినాడు. నేను చెప్పులు విప్పకుండా నిలబడినాను.

'దా. కొలువు' అనింది.

నేను అప్పుడు చెప్పులు విప్పినాను.

'ఆ పొద్దు నేను నిద్రపోలేదు. చల్లగా దారం తగిలితే తెలీదా? ఏం చేస్తాండాడో చూద్దామని కండ్లు మూసుకొని ఉంటిని.'

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగినాను. ఆమె దారం ఉండ చుట్టింది. 'చెప్తే నువ్వు ఆపేస్తావు కదప్పా. పంపించనీలే అనుకుంటి' అనింది.

అప్పుడు తెలిసింది నాకు, సోలాపూరు పోవాలని ఆమెకు ఎంత ఉందో. ఒట్టు వేయించుకున్నదీ ఆమే, దారం పోతే పోనీ అని కళ్లు మూసుకున్నదీ ఆమే. నలభై ఆరేళ్లు ఒక ఇంట్లో ఉన్నాము. ఇంత మాట ఇద్దరిలో ఒకరం అడగలేకపోయినాము.

తర్వాత నన్ను తిట్టింది. అది కూడా రాయమనింది, రాస్తున్నాను. 'పండుకున్న మనిషిని కొలిస్తే పాడెకు పనికొస్తాది గానీ బండికి యాడ పనికొస్తాది?' తుంటి నుంచి కాదట, వీపు నుంచి కొలవాలట. కూర్చున్నప్పుడు వీపు సీటుకు ఆనుతుంది, అక్కడి నుంచి మడమ దాకా. కొలిచి చూస్తే పాత ముడికి ఒక జానెడు ఎక్కువ వచ్చింది. గడప ఎత్తు కూడా తప్పట. 'గడపకు ద్వారబంధం పట్టుకొని ఎక్కుతా. బండికి ద్వారబంధం ఉండాదా? నేను ఎక్కను. ముందు కూర్చుంటా. కూర్చొని, తిరిగి, కాలు లోపలికి తెచ్చుకుంటా. ఎవురూ పట్టుకునే పన్లే.' రోజూ ఈ అరుగు మీద అట్లే కూర్చుంటుంది. నేను రోజూ చూసేదే. చూసినాను గానీ కొలవలేదు.

కాబట్టి ఈసారి ఆమె ఒక కొస పట్టుకుంది, నేను ఒక కొస పట్టుకున్నాను. ముళ్లు ఆమే వేసింది. కొస నుంచి మొదటి ముడి దాకా అరుగు ఎత్తు. సీటు నేల నుంచి అంతకంటే ఎత్తు ఉండకూడదు. అదే కొస నుంచి రెండో ముడి దాకా వీపు నుంచి మడమ. తలుపు బాగా తెరుచుకోవాలి. తెల్ల దారం పంపుతున్నాము. దీనికి పువ్వులు వద్దు అని చెప్పమనింది.

ఊరమ్మ దారం వేరుగా తెచ్చింది. దాన్ని కవరులో పెట్టడం లేదు. బండి ఇంటికి వచ్చినప్పుడు తానే కడుతుందట.

ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపించినాను.

మామ
ఉచ్చెంగెప్ప


తుమకూరు,
18 ఆగస్టు 2025

మామా, అత్తా, ఇద్దరికీ,

ఇది గట్టిగా చదువు మామా. ఒక్క వరుస కూడా దాటకు.

నిన్న ఆదివారం మేము నలుగురం దారం పట్టుకుని బయలుదేరాం. బయలుదేరే ముందు హంపమ్మ అత్తమ్మ, దారం ఒక్కటే చాలదంది. దారానికి బరువు లేదు, మనిషి కూర్చుంటే సీటు దిగుతుంది, తిరిగేటప్పుడు కాలు ఎక్కడ తగులుతుందో దారానికి ఏం తెలుసు అంది. భూమిక క్రికెట్ వికెట్టు ఒకటి తెప్పించి, మోకాలి వెనక పెట్టి, రెండు తువ్వాళ్లతో బిగించి కట్టించుకుంది. కాలు వంగదు ఇక. అలాగే ఆటోలో ఒరిగి కూర్చుని వచ్చింది.

షోరూములో పనిచేసే పిల్లలు కుర్చీ తెచ్చారు. 'ఏమ్మా, కాలికేమైంది' అని ఒకతను జాలిగా అడిగాడు. అత్తమ్మ ఏమందో తెలుసా. 'ఇది నా కాలు కాదప్పా, మా వియ్యంపురాలి కాలు. తలుపు తీయి.'

ముందు ఎత్తు బండి. మొదటి ముడి సీటుకు మూరెడు కింద ఉండిపోయింది. అత్తమ్మ రెండుసార్లు ప్రయత్నించి, నిచ్చెన అడిగింది. నీ అల్లుడు మాట్లాడకుండా ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. పాపం, వీడ్కోలు చెప్పుకున్నట్టుంది. తర్వాత గ్యాస్ బండి. ఎత్తు సరిపోయింది. కూర్చుంది, తిరిగింది, కానీ మడమ ముందర కొట్టుకుంది. రెండో ముడికి జానెడు తక్కువ. అంటే పాత పసుపు దారం ఉండి ఉంటే అది సరిపోయిందనుకుని అదే కొని ఉండేవాళ్లం. అత్తమ్మకు అది చెప్పగానే కత్తెర పెట్టినందుకు పడిన బాధంతా దిగిపోయింది. ఇప్పుడు అందరికీ తానే కాపాడినట్టు చెబుతోంది.

చివరికి అంబులెన్సు. అత్తమ్మ వీపు తిప్పి, కూర్చుని, వికెట్టు కాలును రెండు చేతులతో లోపలికి తెచ్చుకుంది. ఎవ్వరూ చేయి వేయలేదు. మడమకు ముందు నాలుగు వేళ్ల చోటు మిగిలింది. దిగమంటే దిగలేదు. అలాగే ఊరు దాటి గట్టు ఎక్కించి తిప్పాం, వెనక మేమంతా, డిక్కీలో పక్క అంగట్లో అడిగి తెచ్చిన మూడు బియ్యం మూటలు. నువ్వు చెప్పినట్టే.

బుకింగ్ మార్చాం. దీనికి మామూలుగా చాలా నెలలు ఆగాలట. ఎవరో వద్దనుకున్న బండి ఒకటి ఉంది, ఎర్రది. సెప్టెంబరు ఎనిమిదికి ఇస్తారు. భూమిక ఒక పూట అలిగింది. వెనక వరుసలో ఆమె ఒక్కతే పడుకోవచ్చని తెలిశాక మానింది.

అత్తా, పన్నెండో తేదీ శుక్రవారం పొద్దున మన ఇంటి ముందర ఉంటాం. ఎవరూ నిన్ను ఎత్తరు.

నీ
నేత్ర


బండ్రి,
6 అక్టోబరు 2025

అమ్మా నేత్రా,

నా రాత ఈసారి ఇంకా చెడిపోయింది. వేలు కాలింది. చారు దించుతుంటే కాలింది. పెద్దది కాదు.

సజ్జ కోత అయింది. మీ అత్త లేకుండానే అయింది.

అల్లుడికి చెప్పు. సోలాపూరు పోయిరావడానికి లీటరుకు పందొమ్మిది వచ్చింది. విజయపురలో ట్యాంకు నింపినప్పటి నుంచి నేను మనసులో లెక్క పెట్టుకుంటూనే ఉన్నాను, చెబితే నవ్వుతారని చెప్పలేదు. నిండు బండికి అది చాలా మంచిది. కృష్ణ వంతెన మీద గాలి కొట్టినా ఊగలేదు. గాలి మాట సాకుగా రాసినాను గానీ, నిజమే అయింది.

నీకు ఒకటి చెప్పాలి. ఆ పొద్దు సోలాపూరులో మీరు బండి నిలపడానికి సందు చివరికి పోయినారు. మీరు చూడలేదు. హనుమక్క గుమ్మంలోనే కూర్చొని ఉంది. మీ అత్త పోయి పక్కన కూర్చుంది, మన అరుగు మీద కూర్చున్నట్టే. హనుమక్క చేయి చాపి, తల మీద నుంచి తడమడం మొదలుపెట్టింది. నెత్తి, చెవులు, భుజాలు, చేతి గాజులు లెక్కపెట్టింది. కాలి దగ్గరికి వచ్చి మోకాలి మీద చేయి ఆపింది. రెండుసార్లు నొక్కి చూసింది. 'ఈ కాలేసుకొని ఇంత దూరం ఎట్లొచ్చినావే?' అనింది.

'చాపుకొని వచ్చినా' అనింది మీ అత్త.

ఇద్దరూ నవ్వినారు. నేను నీళ్లు తాగాలని లోపలికి పోయినాను.

తర్వాత సంగతి నీకు తెలుసు. అక్క దగ్గర నెల రోజులు ఉంటాననింది. మీరందరూ ఉండమన్నారు. నన్నూ అడిగినారు, నేను ఊ అన్నాను. మీతోనే తిరిగి వచ్చినాను. ఆమె లేని ముందు సీటు తిరిగి వచ్చేంతవరకూ వెనక్కి జరిగే ఉండింది. నువ్వు సర్దబోతే నేను ఉండనీ అన్నాను. గుర్తుందో లేదో.

ఆమె అక్కడ బాగుంది. నెట్టికంటప్ప తన ఫోను కలిపి మాట్లాడించినాడు. హనుమక్క కళ్లకు బదులు ఈమె చూసి చెబుతుందట, ఈమె కాలికి బదులు ఆమె లేచి తెస్తుందట. అట్లా సాగుతోందట. ఎప్పుడు వస్తావని నేను అడగలేదు. బియ్యం ఉన్నాయా అని ఆమె అడిగింది, ఉన్నాయి అన్నాను.

నువ్వు దీపావళి సెలవుల్లో పోయి తీసుకొద్దామన్నావు. ఇంకా పద్నాలుగు రోజులు. మీకు పనులుంటాయి. నాకు తొందర ఏమీ లేదు. కానీ ఆ ఎర్ర బండి కొత్తది. కొత్త బండిని ఊరికే నిలబెట్టకూడదు, బ్యాటరీకి మంచిది కాదని మారన్న కూడా అన్నాడు. ఈ శనివారమే బయలుదేరడానికి అల్లుడికి వీలైతే నాకు అభ్యంతరం లేదు. నేను కూడా వస్తాను. వెనక వరుస అయినా సరే. డిక్కీలో కొత్త సజ్జ ఒక మూట పడుతుంది, హనుమక్కకు.

అద్దానికి కట్టిన ఊరమ్మ దారం అట్లే ఉందా చూడు. తెల్ల దారం మీ దగ్గరే ఉంటే పారేయకండి, వచ్చేటప్పుడు తీసుకురండి. నేను దాచుకుంటాను.

దీన్ని చదివి వినిపించడానికి ఇంట్లో ఎవరూ లేరు. నెట్టికంటప్ప ఉన్నాడు గానీ, ఇది అతనికి వినిపించేది కాదు. నాకు నేనే ఒకసారి పైకి చదువుకొని మూస్తున్నాను.

శనివారమా, కాదా. స్పీడుపోస్టులో అయినా సరే, తొందరగా జవాబు రాయి.

మామ
ఉచ్చెంగెప్ప